పెంపుడు తాబేలు – మితాహారం

మితాహారం మానవులకే కాక మూగజీవులకు కూడ ఆరోగ్యదాయకం. ఇందుకు ఎర్రచెవుల నీటి తాబేలును ఉదాహరణగా గ్రహించాము. అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం దీని జన్మస్థలం. మనిషి కనబడగానే ఇది తొట్టి అంచుకు ఈదివచ్చి మెడ చాస్తుంది. దొరికినప్పుడల్లా తినడం దాని స్వభావమే కాని, ప్రతిసారీ అది ఆకలి కాదు.

పిల్ల తాబేలుకు దినమున కొకసారి, పెద్దదానికి రెండు మూడు దినముల కొకసారి మేత చాలును. తయారు మేత దాని తల పరిమాణాన్ని మించరాదు. పిల్లలకు పురుగులు, చిన్న చేపలు అధికంగా అవసరం. వయస్సు వచ్చిన కొద్దీ ఆకుకూరల పాలు పెంచాలి. ఇది నీటిలోనే మింగగలదు కనుక మేతను నీటిలోనే వేయాలి. పావుగంట తరువాత మిగిలినదానిని తీసివేయాలి; లేనిచో అది కుళ్ళి నీటిని చెరుపుతుంది.

అతిగా మేపిన తాబేలుకు కాళ్ళ మొదళ్ళలో కొవ్వు పేరుకుంటుంది. అప్పుడది తలను, కాళ్ళను చిప్పలోనికి పూర్తిగా ముడుచుకోలేదు. ప్రకృతి దానికిచ్చిన రక్షణను మన ముద్దే హరిస్తుందన్నమాట.

మన చెరువులలోని తాబేళ్ళను పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. విసుగు పుట్టి ఈ విదేశీ తాబేలును చెరువులో విడిచినచో అది మన తాబేళ్ళ మేతకు పోటీ అవుతుంది. కావున, చివరివరకు పోషించగల ఓర్పు ఉన్నవారే దీనిని పెంచవలెనని విద్యార్థి సోదర సోదరీమణులకు మా మనవి.