తప్పులన్నీ సిమ్యులేటర్‌లోనే చేసేయండి

బీఎస్సీలో మ్యాథ్స్, ఫిజిక్స్ చదివాక బీఎడ్ తప్ప దారి లేదనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగానికి అడిగేది సరిగ్గా ఆ డిగ్రీయే. ఏదో ఒక సెమిస్టర్‌లో ఈ రెండు సబ్జెక్టులూ చదివిన ఇంజినీర్లూ అర్హులే. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా జూనియర్ ఎగ్జిక్యూటివ్ పేరుతో నోటిఫికేషన్ ఇస్తుంది. జనరల్ అభ్యర్థులకు వయసు 27 దాటకూడదు. ఆన్‌లైన్ పరీక్ష, వాయిస్ టెస్ట్, మానసిక, వైద్య పరీక్షలు ఉంటాయి. మూలవేతనం రూ.40,000తో మొదలవుతుంది. ఎంపికయ్యాక శిక్షణ ఆ సంస్థే ఇస్తుంది కాబట్టి, ముందే కోర్సు చేయాలంటూ లక్షలు అడిగేవాళ్ల మాట నమ్మకండి.

శిక్షణ ప్రయాగ్‌రాజ్, గోందియా, మన బేగంపేట కేంద్రాల్లో జరుగుతుంది. క్లాసులో విన్నదంతా సిమ్యులేటర్ ముందు కూర్చున్నాకే పరీక్షకు నిలుస్తుంది. టవర్ సిమ్యులేటర్‌లో చుట్టూ తెరల మీద రన్‌వే కనిపిస్తుంది. పొగమంచు, వాన, రాత్రి, ఇన్‌స్ట్రక్టర్ ఏది కోరితే అది. రాడార్ సిమ్యులేటర్‌లో ఒక్కో విమానం పక్కన కాల్‌సైన్, ఎత్తు, వేగం కదులుతుంటాయి. హెడ్‌సెట్‌లో మాట్లాడే పైలట్ నిజానికి కీబోర్డు ముందు కూర్చున్న మనిషే. సూడో పైలట్ అంటారు. చెబితే కావాలనే తప్పు కూడా చేస్తాడు.

ఒక విమానాన్ని 8,000 అడుగులకు దిగమన్నారనుకోండి. 7,000లో ఇంకొకటి ఎదురొస్తోంది. సూడో పైలట్ "6,000" అని తిరిగి చెప్పాడు. సరిగ్గా అప్పుడే మూడో విమానం ఎమర్జెన్సీ కోడ్ 7700 పెట్టింది. మీ ధ్యాస అటు పోయింది, చెవి ఆ అంకెను వదిలేసింది. స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఇన్‌స్ట్రక్టర్ ఎక్సర్‌సైజ్ ఆపి, రికార్డింగ్ వెనక్కి తిప్పి మీ మాటలు మీకే వినిపిస్తాడు. సిగ్గుపడకండి, ఈ తప్పు ఇక్కడే జరగాలి.

1996 నవంబర్ 12న హరియాణాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఢీకొని 349 మంది చనిపోయారు. 15,000 అడుగుల్లో ఉండమన్న విమానం 14,000లో వస్తున్న దాని దారిలోకి దిగిపోయింది. కంట్రోలర్ ఆదేశం సరైనదే. కానీ నాటి ఢిల్లీ రాడార్ ఎత్తు చూపేది కాదు. ఇప్పుడు చూపిస్తుంది. అందుకే చెప్పి ఊరుకుంటే చాలదు, తిరిగి చెప్పింది వినాలి, విమానం అలాగే చేస్తోందో లేదో చూడాలి.

తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంగ్లిష్‌కు భయపడి ఆగిపోవద్దు. రేడియోలో వాడే వాక్యాలు చాలావరకు నిర్ణీతమే. తొమ్మిదిని 'నైనర్' అనాలి, ఐదును 'ఫైఫ్' అనాలి. ఎమర్జెన్సీలో మాత్రం మామూలు ఇంగ్లిష్ కావాలి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఇంగ్లిష్ నైపుణ్యంలో కనీసం లెవెల్ 4 రావాలి. రోజూ అంకెలు వింటూ, రాస్తూ, పైకి చెబుతూ సాధన చేయండి.

సిమ్యులేటర్ దాటాక పోస్టింగ్ వచ్చిన విమానాశ్రయంలో, లైసెన్సున్న కంట్రోలర్ పక్కన కూర్చుని అసలు విమానాలతో మాట్లాడతారు. ఆ చోట పనిచేసే అర్హత, అంటే రేటింగ్ వచ్చాకే ఒంటరిగా మైకు ఇస్తారు. బదిలీ అయితే కొత్త చోట మళ్లీ ఆ పక్క కుర్చీ నుంచే మొదలు.