టీసీ దరఖాస్తు మీద సంతకం పెట్టకండి

సందేహం: మా బాబుకు ఆటిజం. ప్రైవేటు స్కూల్లో మూడో తరగతి. తరగతిలో వాడి పక్కనే ఉండి సాయపడే షాడో టీచర్‌ని మా ఖర్చుతో పెట్టుకోవాలట, లేదంటే టీసీ తీసుకెళ్లాలట. ‘మీవాడికి సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం కూడా లేదు, స్పెషల్ ఎడ్యుకేటర్‌ని ఎలా అడుగుతారు?’ అంటున్నారు. కోర్టుకు వెళ్లాలా?
– ఓ తల్లి, వరంగల్

సమాధానం: అమ్మా, టీసీ కావాలని మీ చేత్తో ఒక్క ముక్క కూడా రాసివ్వకండి. రాసిస్తే బాబును మీరే మాన్పించినట్టవుతుంది. రేపు ఎక్కడికి వెళ్లినా స్కూలు ఆ కాగితమే చూపిస్తుంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది.

40 శాతం షరతు ఉచిత విద్య, రిజర్వేషన్ల వంటి వాటికే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్‌లో ఆ షరతు లేదు. గుర్తింపు పొందిన ప్రైవేటు బడి కూడా వివక్ష చూపకుండా చేర్చుకోవాలి, బిడ్డ అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయాలి. మోయలేని భారమైతే సర్దుబాటుకు మినహాయింపు ఉంది. అయితే అది ఎలా భారమో స్కూలే చూపించాలి.

ఇన్నాళ్లూ అంతా నోటిమాటగానే నడిచింది, స్కూలు బలం అదే. డాక్టరు రిపోర్టు జతచేసి ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాయండి. ముందు బెంచీ, పరీక్షలో అదనపు సమయం, వారానికి ఇన్ని గంటలు స్పెషల్ ఎడ్యుకేటర్ అని విడివిడిగా అడగండి. మీ కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. వేయబోమంటే స్పీడ్ పోస్టులో పంపండి.

జవాబు రాకపోతే డీఈవోకూ, దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కూ ఫిర్యాదు ఇవ్వండి. సాక్షుల్ని పిలిపించడానికి, రికార్డులు తెప్పించడానికి కమిషనర్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. అక్కడా తేలకపోతే, డీఈవోను కూడా ప్రతివాదిగా చేర్చి హైకోర్టులో రిట్ వేయొచ్చు. లాయరు ఫీజు గురించి భయపడకండి. స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఈ సంగతి తెలియకే ఎందరో తల్లులు మధ్యలో ఆగిపోతున్నారు.

సందేహం: మా పాపకు సెరిబ్రల్ పాల్సీ. ఊళ్లో సర్కారు బడి హెడ్మాస్టరు ‘ఇంటి దగ్గరే చదివించండి’ అంటున్నారు.
– ఓ తండ్రి, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గర చదువు విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణతో వచ్చిన వెసులుబాటు. దాన్ని ఎంచుకునే హక్కు మీది, హెడ్మాస్టరుది కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రమైనా బడికి తోడే తప్ప బడికి బదులు కాదు. చేర్చుకోమని రాతపూర్వకంగా అడగండి, ఒప్పుకోకపోతే ఎంఈవోకు ఇవ్వండి. విద్యా సంవత్సరం మధ్యలో అడిగినా చేర్చుకోవాల్సిందే.