ఫర్నేస్ ఇంటి గాలి పీల్చకూడదు

నాకు తెలిసిన మన కుర్రాళ్లు కొందరు ఒహాయో, ఇండియానా వైపు మొబైల్ హోమ్‌లు కొని అద్దెకిస్తున్నారు. అక్టోబరు దాటిందంటే ఫోన్లు మొదలు. "బాబాయ్, ఫర్నేస్ పోయింది. ఫ్రెండు బేస్‌మెంట్‌లోంచి తీసిన పాతది బాగానే పనిచేస్తోంది, పెట్టించేయొచ్చా?" వద్దు నాయనా. ఈ పని మీదే బతికినవాణ్ని కాబట్టి ఎందుకు వద్దో ఒకసారి రాసి పెడుతున్నాను.

1. ముందు బిళ్ల చూడండి. 1976 జూన్ 15 నుంచి ఫ్యాక్టరీలో తయారై వచ్చే ఇళ్లకు, అంటే మనం మొబైల్ హోమ్ అనే, కాగితాల మీద మాన్యుఫాక్చర్డ్ హోమ్ అని రాసే వాటికి, అమెరికా గృహశాఖ నియమాలున్నాయి. వాటినే అందరూ హడ్ కోడ్ అంటారు. అలాంటి ఇంటి బయటి గోడ మీద ఎర్రటి లోహపు బిళ్ల కొట్టి ఉంటుంది. లోపల కిచెన్ క్యాబినెట్‌లోనో, కరెంటు ప్యానెల్ పక్కనో డేటా ప్లేట్ అంటించి ఉంటుంది. ఫ్యాక్టరీలో ఏ ఫర్నేస్ పెట్టారో, ఇల్లు ఎంత చలికి కట్టారో అందులో రాసి ఉంటుంది. ఫర్నేస్ కొనే ముందు దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

2. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మొబైల్ హోమ్ ఫర్నేస్ మంటకు కావలసిన గాలిని బయటినుంచే తెచ్చుకోవాలి, పొగను బయటికే పంపాలి. ఇంట్లో మనుషులు పీల్చే గాలికీ ఆ మంటకూ ఎక్కడా సంబంధం ఉండకూడదు. మామూలు ఇళ్ల బేస్‌మెంట్లలో ఉండే పాత ఫర్నేసులు చాలావరకు చుట్టూ ఉన్న గాలినే పీల్చి మండుతాయి. అక్కడ చోటు ఎక్కువ, సందులూ ఎక్కువ కాబట్టి నడిచిపోతుంది. దాన్నే తెచ్చి ఈ చిన్న ఇంట్లో బీరువా అంత గదిలో పెట్టి, బాత్రూమ్ ఫ్యాను, పొయ్యి మీది ఫ్యాను, బట్టలారబెట్టే డ్రైయర్ కలిపి వేస్తే అవన్నీ ఇంటి గాలిని బయటికి తోడేస్తాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి ఇల్లు దొరికిన ప్రతి కన్నంలోంచీ గాలి లాగుతుంది. అందులో పొగగొట్టం ఒకటి. పైకి పోవలసిన పొగ వెనక్కి తిరుగుతుంది. మన ఊళ్లలో గాలి ఎదురు తిరిగితే కట్టెపొయ్యి పొగ వంటింట్లోకే వచ్చేది, కళ్లు మండి బయటికి పరిగెత్తేవాళ్లం. ఫర్నేస్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి మాత్రం రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, వికారం వస్తే జలుబు చేసిందనుకుని దుప్పటి కప్పుకుని పడుకుంటారు. అందుకే ఫర్నేస్ రేటింగ్ ప్లేట్ మీద మాన్యుఫాక్చర్డ్ హోమ్‌కి ఆమోదించినట్టు రాసి ఉందో లేదో చదవండి. లేకపోతే ఉచితంగా ఇచ్చినా వద్దు.

3. నేల కిందికి టార్చ్ పట్టుకుని దూరండి. ఈ ఇళ్లలో సాధారణంగా వేడిగాలి పైనుంచి కిందికి దిగి, నేల కింద డక్ట్‌ల్లో పోతుంది. రెండు ముక్కలు కలిపిన డబుల్‌వైడ్ అయితే ఈ సగం నుంచి ఆ సగానికి ఓ క్రాస్ఓవర్ డక్ట్ కూడా వేలాడుతూ ఉంటుంది. ఎలుకలో, పిల్లులో అడుగు షీట్ చింపేస్తాయి, డక్ట్ ఊడిపోతుంది. వేడి మట్టిపాలు, గ్యాస్ బిల్లు మీ పాలు. అంతటితో పోలేదు. ఫర్నేస్ ఫ్యాను వేడి చేయడానికి ఇంట్లోంచి గాలి లాక్కుంటూ నేల కింద పారబోస్తోంది కదా, ఇంట్లో గాలి ఇంకా తగ్గుతుంది. రెండో అంశంలో చెప్పిన గొడవ ముదిరేది ఇలాగే. డక్ట్ బాగుచేయకుండా కొత్త ఫర్నేస్ పెట్టించడం డబ్బు దండగ.

4. కప్పు మీద కనిపించే రూఫ్ జాక్ ఒట్టి పొగగొట్టం కాదు. గొట్టంలో గొట్టం. లోపలి దాంట్లోంచి పొగ పైకి, బయటి దాంట్లోంచి గాలి కిందికి. కొత్త ఫర్నేస్ తయారీదారు ఏ రూఫ్ జాక్ చెప్పాడో అదే వేయాలి. "పాతది గట్టిగానే ఉంది సార్" అనే మేస్త్రీ మాట వినకండి.

5. గ్యాస్ ఏదో కనుక్కోండి. పట్నాల్లో పైపు గ్యాస్, ఊరి బయట ప్రొపేన్ ట్యాంకు. ఫర్నేసులు సాధారణంగా పైపు గ్యాస్‌కి సరిచేసే వస్తాయి. ప్రొపేన్‌లో అదే ఘనపుటడుగుకు రెండున్నర రెట్ల వేడి ఉంటుంది. అందుకే బర్నర్ల దగ్గర చిన్న కన్నాలున్న ఆరిఫిసులు వేసి, వాల్వ్‌లో స్ప్రింగ్ మార్చాలి. ఒత్తిడి మామూలుగా పైపు గ్యాస్‌కి మూడున్నర అంగుళాలు, ప్రొపేన్‌కి పది అంగుళాలు, నీటి స్తంభం లెక్కన. మీ ఫర్నేస్‌కి ఎంతో దాని ప్లేటే చెబుతుంది. మీటరు పెట్టి చూడాలి తప్ప మంట రంగు చూసి సరిపెట్టుకోకూడదు. మార్చకుండా వెలిగిస్తే మంట బుసకొట్టి మసి కడుతుంది, మోనాక్సైడ్ పుడుతుంది. జాయింట్లకు సబ్బు నురగ రాసి బుడగలు చూడండి. అగ్గిపుల్ల గీసి చూసే ధీరులు ఇంకా ఉన్నారు! ప్రొపేన్ గాలికన్నా బరువు, కారితే నేల కిందే మడుగు కట్టి కూర్చుంటుంది.

6. ఫర్నేస్ గదిలో చీపురు, పెయింటు డబ్బాలు, అట్టపెట్టెలు పెట్టనివ్వకండి. గది తలుపుకున్న జాలీ మంట కోసం కాదు, వేడి చేయాల్సిన ఇంటి గాలి లోపలికి రావడానికే, చప్పుడొస్తోందని దాన్ని మూసేస్తారు కొందరు.

7. తొంభై శాతం పైన సామర్థ్యం ఉన్న ఫర్నేస్ పెడితే గ్యాస్ ఆదా అవుతుంది, నిజమే. కానీ దాన్నుంచి నీరు కారుతుంది. ఆ నీటి గొట్టం నేల కింది చలికి గడ్డ కట్టిందంటే ఫర్నేస్ ఆగిపోతుంది, అదీ గడ్డకట్టే రాత్రే. గొట్టానికి చలి తగలని దారి దొరక్కపోతే ఎనభై శాతానిదే మేలని నా అభిప్రాయం.

8. లైసెన్సున్న వాడితో చేయించండి, పర్మిట్ తీసుకోండి. పని అయ్యాక పొగను మీటరుతో కొలిచి అంకెలు కాగితం మీద రాసిమ్మనండి. విసుక్కునే మెకానిక్‌కి ఇంకో పని ఇవ్వకండి.

9. పడకగదుల దగ్గర మోనాక్సైడ్ అలారం పెట్టండి, వెనక రాసిన గడువు తేదీ చూడండి. అద్దెకున్నవాళ్లకు మీరే నోటితో చెప్పండి: అలారం మోగినా, గ్యాస్ వాసన వచ్చినా ముందు బయటికి నడవాలి. వాసన వస్తే లైటు స్విచ్ కూడా ముట్టుకోకూడదు. ఫోన్ వాకిట్లోంచి చేయాలి, ముందు 911కి, తర్వాతే మీకు.