ఫోను మోగింది సరే, ఎత్తిందెవరు?

ఒంట్లో బాధ ఉంటే ఆసుపత్రి తేదీని ఎవరూ మర్చిపోరు. బాధ లేనప్పుడు చేయించుకోవలసిన పరీక్షలతోనే చిక్కు. బీపీ, షుగరు, నోటి క్యాన్సరు, రొమ్ము క్యాన్సరు, గర్భసంచి ముఖద్వారం క్యాన్సరు మొదట్లో నొప్పి పుట్టించకపోవచ్చు. అందుకే ఇటువంటి జబ్బుల కోసం మన దేశంలో 2010లో ఒక జాతీయ కార్యక్రమం మొదలైంది. 30 ఏళ్లు దాటినవారికి ముందుగానే ఈ పరీక్షలు చేయాలన్నది అందులో ముఖ్యమైన మాట. కానీ చీటీ గూట్లో పెట్టాక తేదీ ఎవరికి గుర్తుంటుంది?

దీనికి ఒక ఉపాయం, కంప్యూటరుతో ఫోను చేయించడం. పేర్లు, నంబర్లు, తేదీలు ముందే ఎక్కించి పెడితే రికార్డు చేసిన గొంతు ఒకేసారి వందల మందికి వినిపిస్తుంది. వస్తామంటే ఒకటి, వేరే రోజు కావాలంటే రెండు నొక్కాలి. ఎత్తనివారి జాబితాను ఏఎన్ఎం గారికి పంపవచ్చు. గర్భిణులకు, బాలింతలకు వారానికొక సలహా చెప్పే 'కిల్కారీ' ఫోన్లను కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ఇలాగే ప్రారంభించింది.

ఫలితం ఉంటుందా? ఎనిమిది ప్రయోగాలను కలిపి చూసిన కొక్రేన్ సమీక్ష 2013లో వచ్చింది. అవి అన్ని రకాల ఆసుపత్రి తేదీలకు సంబంధించినవి. ఏమీ గుర్తు చేయకపోతే నూటికి 67.8 మంది వచ్చారు. మెసేజి పంపితే 78.6, ఫోను చేస్తే 80.3. మెసేజి చవక. కానీ చదువురాని అమ్మకు ఇంగ్లీషు మెసేజి ఎందుకు పనికొస్తుంది? మాకు తెలుగు గొంతే మేలనిపించింది.

ఇక మన దాచేపల్లి సంగతి. మిరప కోతల రోజుల్లో అమ్మలు తెల్లవారగానే ఆటో ఎక్కి చేలకు పోతారు. పది గంటలకు ఫోను మోగితే ఎత్తేదెవరు? చాలా ఇళ్లలో ఫోను నాన్న జేబులోనో అన్నయ్య చేతిలోనో ఉంటుంది. లోన్ల వాళ్లు, ఎన్నికల వాళ్లు రికార్డు గొంతులతో విసిగించి ఉన్నారు కనుక "నమస్కారం" అనగానే కట్ చేస్తారు. కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చినవాళ్లకు తేదీ సొంత ఊళ్లో పడితే ఫోను మోగినా లాభం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆడవాళ్ల పరీక్ష పేరు ఇంట్లో అందరి ముందూ స్పీకరులో వినబడకూడదు. ఆ సిగ్గుతోనే అమ్మ మానేస్తే గుర్తు చేసి చెడగొట్టినట్టే.

ఫోను మరుపును పోగొడుతుంది కానీ పోయిన కూలి డబ్బులు ఇవ్వదు. పరీక్ష కోత లేని రోజునో సాయంత్రమో పెడితేనే రెండూ కలిసొస్తాయి.

మేమంతా కూర్చుని, రాత్రి ఏడున్నరకు వినిపించడానికి ఈ మాటలు రాసుకున్నాం: "అమ్మా, మన ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి. రేపు సాయంత్రం ఐదింటికి మీరు రావాలి. ఆధార్ కార్డు తెచ్చుకోండి. డబ్బులు అక్కర్లేదు. రేపు కుదరకపోతే రెండు నొక్కండి, ఇంకో రోజు చెబుతాం."