ఉపపత్తి వ్రాసి పంపుము

ఆత్మకూరు



ఉదయగిరినుండి నీవు వ్రాసిన ఉత్తరము అందినది. గణితమునే వృత్తిగా గైకొని కంప్యూటర్ శాస్త్రపు సిద్ధాంతభాగమున కృషి సేయవలెనను నీ యభిలాషయు, ఇంజనీరింగు చదివి సాఫ్ట్‌వేరు ఉద్యోగమున చేరినచో నిశ్చింత యను బావగారి తలంపును, రెండును నాకు న్యాయముగనే తోచినవి.

ఈ త్రోవ నడచిన తెలుగువారు లేకపోలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఇంజనీరింగును, ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో ఎం.టెక్.ను ముగించి, 1969లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైన కొసరాజు సాంబశివరావుగారి పేరు అల్గారిథముల పాఠమున నేటికిని వినబడుచున్నది.

ఆయన చూపిన పద్ధతి యిట్టిది. బస్సు మన యాత్మకూరినుండి ఉదయగిరికి పోయి మరల వచ్చును గనుక ఆ రెండూళ్లును ఒక్క కూటమి. సోమశిల విడిచిన పెన్ననీరు సంగమునకు, నెల్లూరికి పోవునే కాని తిరిగి రాదు గనుక నీటి లెక్కన అవి దేనికది వేఱు. ఇట్లే లక్షలకొలది బిందువులును, వానిని కలుపు బాణములును గల పటమునందు, పోయి రాగల కూటములను వేఱుపఱచుట యెట్లు? ఒకమాఱు లోతు వెంబడి పోవుచు అంతయు వెదకి, ఏ బిందువు పని ఎప్పుడు ముగిసినదో వరుసగా వ్రాసికొని, బాణములన్నిటిని త్రిప్పి, కడపట ముగిసినదానితో మొదలిడి మరల వెదకవలెను. ఈ మాఱు ఒక్కొక్క విడతకు చిక్కినది ఒక్కొక్క కూటమి. బాణములు త్రిప్పినను పోయి రాగల కూటములు మాఱవనుటయే దీని కీలకము. 1972లోనే టార్జన్ అను కంప్యూటర్ శాస్త్రవేత్త ఒక్క వెదుకులాటతో ఈ పని సాధించియున్నను, 1978 నాటి యీ పద్ధతి సౌలభ్యముచే నిలిచినది.

అయినను కొసరాజుగారు దీనిని అచ్చువేయింపలేదు. ఆహో, హాప్‌క్రాఫ్ట్, ఉల్మన్ అను కంప్యూటర్ శాస్త్రవేత్తలు తమ గ్రంథమున ఆయన పేరిట చెప్పుటచే లోకమునకు తెలిసినది. దీనినే స్వతంత్రముగా కనుగొన్న షరీర్ అను మఱియొక శాస్త్రవేత్త 1981లో ప్రకటించెను. అచ్చుకాని పనిని అట్లు పేరుతో చెప్పువారు అందఱికిని దొరకరు గనుక, నీవు సాధించినది స్వల్పమైనను వ్రాసి, తప్పు పట్టగలవారికి చూపి, ప్రకటింపుము.

గణితమును కంప్యూటర్ సైన్సును కలిపి చెప్పు బి.ఎస్‌సి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కలదు. అచటి ప్రవేశపరీక్షలో కోచింగు బిట్లు మాత్రమే చాలవు, ఉపపత్తులు, అనగా నిరూపణలు, వ్రాయవలెను. ఆపై పరిశోధనకు అయిదాఱేండ్లు పట్టును. అంతవఱకు తోడివారి జీతములను చూచి మనసు కష్టపెట్టుకొనరాదు. ఈ సంగతి బావగారికి దాచక చెప్పుము.

ముందుగా, పై పద్ధతి ఏల సరియగునో నీవే ఉపపత్తి వ్రాసి నాకు పంపుము. ఆ పనిలో విసుగు పుట్టినచో ఇంజనీరింగునకే పొమ్ము, అందు చిన్నతనమేమియు లేదు. పుట్టనిచో బావగారితో నేను మాటాడెదను.

ఇట్లు,
నీ మేనమామ