పొగకు పైదారి, గ్యాసుకు కిందిదారి

ఎర్రగుంట్ల ప్రాంతంలోని పాత మిద్దె ఇళ్ళ వంటగదులను మీలో చాలామంది చూసే ఉంటారు. నేల మీద నాపబండలు, మందమైన గోడలు, పైన మట్టిమిద్దె, పొయ్యికి సరిగ్గా పైగా కప్పులో ఒక రంధ్రం. ఆ రంధ్రాన్నే గవాక్షి అంటాం.

మా వంటిల్లు కూడా అటువంటిదే. చాలా చిన్నది. దాన్ని బాగుచేయించేటప్పుడు మేస్త్రీ, "కట్టెల పొయ్యే లేనప్పుడు గవాక్షి ఎందుకు సార్, మూసేద్దాం" అన్నాడు. మా అమ్మ ఒప్పుకోలేదు. "మూస్తే ఉక్క పోస్తాది నాయనా, ఉండనీ" అంది. ఎవరి మాట సరైనది?

గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుంది. అప్పుడు దాని సాంద్రత తగ్గి, అది పైకి లేస్తుంది. తలుపు గుండా వచ్చే చల్లగాలి దాని చోటును ఆక్రమిస్తుంది. గవాక్షి పనిచేసేది ఈ సూత్రం మీదనే. 1950ల దశకంలో హైదరాబాదులో డాక్టర్ ఎస్.పి.రాజు రూపొందించిన, పొగగొట్టం గల పొయ్యిలోని సూత్రమూ ఇదే. గ్యాసు పొయ్యి వచ్చినా పోపు ఘాటు, ఆవిరి, వేడి ఎక్కడికీ పోలేదు కదా! అవన్నీ పైకే లేస్తాయి. కనుక అమ్మ మాటే సరైనది.

అయితే గవాక్షి ఒక్కటే చాలదు. ఎందుచేత? సిలిండరులో ముఖ్యంగా ఉండేవి ప్రొపేను, బ్యూటేను. వీటి అణుభారాలు 44, 58. గాలి సగటు అణుభారం సుమారు 29 మాత్రమే. అందువల్ల మండకుండా లీకయిన గ్యాసు పైకి పోదు. నేల మీద పరచుకొని మూలల్లో చేరుతుంది. ఒక్క నిప్పురవ్వ తగిలితే చాలు, పెద్ద ప్రమాదం!

అందుకే మేము గవాక్షిని ఉంచి, గోడలో నేలమట్టాన మరొక కన్నం పెట్టించి, దానికి జాలీ బిగించాం. దాని అవతల గుంట గాని, మురుగుకాలువ గాని లేకుండా చూసుకున్నాం. సిలిండరును నేల మీద నిలువుగా ఉంచాం. పొయ్యిని దానికంటె ఎత్తుగా నాపరాతి గట్టు మీద పెట్టాం.

గ్యాసు వాసన వస్తే దీపం స్విచ్చి వేయకండి, ఆర్పకండి. రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరచి, బయటికి వచ్చేయండి.

చేసి చూడండి: వంటగ్యాసుతో ఎన్నడూ ప్రయోగాలు చేయరాదు. దానికి బదులు, పెద్దల సమక్షంలో, లోతైన గాజుపాత్రలో ఒక పొడవాటి కొవ్వొత్తిని, ఒక పొట్టి కొవ్వొత్తిని నిలిపి వెలిగించండి. అడుగున వంటసోడా చల్లి, అంచు వెంబడి నిమ్మరసం పోయండి. ముందుగా పొట్టి కొవ్వొత్తి ఆరిపోతుంది. అక్కడ పుట్టిన కార్బన్ డై ఆక్సైడు అణుభారం కూడా 44. అనగా ప్రొపేనుతో సమానం!

ఆలోచించండి: నాపరాతి గట్టు మీద నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది. ఎందుకు? నాపరాయి సున్నపురాయి జాతిది. పై ప్రయోగంలో పుట్టిన వాయువును గుర్తు చేసుకుంటే జవాబు మీకే తడుతుంది.