క్రీస్తు జయంతి – దాన రహస్యము

డిసెంబరు నెల తుదివారము వచ్చుసరికి నగరములలోని అంగళ్లు దీపతోరణములతో వెలుగుచుండును. క్రైస్తవ కుటుంబ మొక్కటియు లేని వీథులలో సైతము ఎఱ్ఱని టోపీ ధరించిన తెల్లగడ్డపు తాతబొమ్మ నిలిచి బేరములకు బిలుచుచుండును. పిల్లలకు క్రిస్మసు అనగా ఆ తాత తెచ్చు కానుక. పెద్దలకు తగ్గింపు ధరలకు వస్తువులు కొనుటకు దొరకిన తరుణము. కొనుట, ఇచ్చుట, పుచ్చుకొనుట అను మూడు పనులతో ఒక అవతార పురుషుని జన్మదినము గడచిపోవుచున్నది. కానుక లిచ్చుట దోషమా యని యెవరైన నడుగవచ్చును. దోషము కాదు. ఏసు జన్మకథలోనే కానుకలు కలవు. అయితే ఆ కథలోని కానుక యెట్టిదో, నేడు చేతులు మారు కానుక యెట్టిదో విచారించి చూడవలసి యున్నది.

నాలుగు సువార్తలలో రెండింట మాత్రమే ఏసు జన్మవృత్తాంతము కానవచ్చును. లూకా చెప్పిన ప్రకారము, రోమా చక్రవర్తి జనసంఖ్య వ్రాయింప నాజ్ఞాపించినందున యోసేపు గర్భిణియగు మరియమ్మను వెంటబెట్టుకొని నజరేతునుండి బేత్లెహేమునకు వచ్చెను. సత్రములో వారికి చోటు దొరకలేదు. పుట్టిన బిడ్డను తల్లి గుడ్డలలో చుట్టి, పశువులు మేత మేయు తొట్టిలో పరుండబెట్టెను. ఆ వార్త మొదట చేరినది రాజులకు గాదు, పండితులకును గాదు. రాత్రివేళ పొలములో మందను గాచుకొనుచున్న గొఱ్ఱెల కాపరులకు చేరెను. వారు వచ్చి చూచి, దేవుని స్తుతించుచు మరలిపోయిరి. తరువాతి చిత్రకారులు వారి చేతులలో గొఱ్ఱెపిల్లల నుంచిరి గాని, వారేమైన దెచ్చినట్లు లూకా చెప్పలేదు.

కానుకల ప్రసక్తి మత్తయి సువార్తలో వచ్చును. తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రమును జూచి బయలుదేరి వచ్చి, శిశువునకు సాగిలపడి, బంగారము, సాంబ్రాణి, బోళము సమర్పించిరి. వారు ముగ్గురని లోకము చెప్పుకొనుచున్నది. మత్తయి మాత్రము సంఖ్యగాని పేరులుగాని చెప్పలేదు. కానుకలు మూడు గనుక ఇచ్చినవారును ముగ్గురే యని పిమ్మట ఎంచిరి. పాఠకులు గమనింపవలసిన దేమన, ఆ జ్ఞానులు తెచ్చిన ద్రవ్యమునకు బదులు వారికి ముట్టినది యేమియు లేదు. పుచ్చుకొన్నవాడు పలుకనేరని శిశువు. తల్లిదండ్రులు పేదలు. అక్కడి రాజు హేరోదు వారి మేలు గోరువాడు గాడు. కలలో హెచ్చరిక పొంది, వచ్చిన దారిని విడిచి వేఱొక దారిని వారు స్వదేశమునకు పోయిరి. అంతటితో కథలో వారి జాడ లేదు.

(ఏసు జన్మించిన తేదీ ఏ సువార్తలోను లేదు. డిసెంబరు 25వ తేదీ రోమునగరమున నాలుగవ శతాబ్దములో వాడుకలో నున్నట్లు ఆధారములు కలవు. ఆర్మీనియా సంఘమువారు జనవరి 6వ తేదీననే ఆ పండుగ చేసికొందురు. తిథి వివాదము మన విచారణకు ముఖ్యము గాదు.)

భగవద్గీత పదునేడవ అధ్యాయములో దానము మూడు విధములుగా విభజింపబడినది. తిరిగి ఉపకారము చేయలేనివానికి, ఇచ్చుట ధర్మమను బుద్ధితో, తగిన చోట, తగిన వేళ ఇచ్చినది సాత్త్వికము. ప్రత్యుపకారము గోరిగాని, ఫల మాశించిగాని, మనసున నొచ్చుకొనుచుగాని ఇచ్చినది రాజసము. అవమానించి, పాత్రాపాత్రములు చూడక యిచ్చినది తామసము. ఈ కొలబద్దను జ్ఞానుల కానుకకు పట్టి చూచినచో అది మొదటి తెగకు చెందినదని వేఱుగ చెప్ప నక్కఱలేదు. ఇక నేటి పండుగ కానుకను చూడుడు. నిరుడు వారేమిచ్చిరి, ఎంత వెలగలది, ఈయేడు మనము అంతకు తగ్గకుండ ఇచ్చితిమా యను లెక్క దాని వెంట నంటియున్నది. అప్పుచేసి కొన్న కానుకలో ఆ నొచ్చుకోలు కూడ కలసియుండును. మన పెండ్లిండ్లలో చదివింపుల పద్దు వ్రాసి యుంచుకొని, వారింట శుభకార్యమైనపుడు ఆ పద్దు తీసి చూచుట యెఱిగినవారికి ఈ సంగతి విడమరచి చెప్పవలసిన పనిలేదు. అది లోకవ్యవహారమున అవసరమే కావచ్చును. దానమని మాత్రము దానిని పిలువరాదు.

ఈ తాతబొమ్మ చరిత్రయే ఇందుకు మంచి నిదర్శనము. దానికి మూలపురుషుడు నికొలాసు అను సాధువు. నేటి తుర్కీ దేశమునందలి మైరా పట్టణమునకు ఆయన నాలుగవ శతాబ్దమున బిషప్పుగా నుండెనని ప్రసిద్ధి. ఆయనను గూర్చి యొక కథ తరతరములుగ చెప్పుకొనబడుచున్నది. ఒక గృహస్థు ఆస్తి పోగొట్టుకొని ముగ్గురు కుమార్తెలకు కట్నము లియ్యలేని స్థితికి వచ్చెను. పెండ్లి కాని ఆ కన్యలను అమ్మివేయుటకును ఆతడు సిద్ధపడెను. నికొలాసు ఆ మాట విని, రాత్రి వేళ ఆ యింటి కిటికీగుండ బంగారపు మూట నొకదానిని లోపలికి జాఱవిడిచెను. పెద్ద కూతురి పెండ్లి జరిగెను. రెండవమారును అట్లే చేసెను. మూడవమారు ఇంటి యజమాని పొంచియుండి పట్టుకొనగా, ఈ సంగతి యెవరికిని చెప్పవలదని నికొలాసు ఆతనిని నిర్బంధించెను. కథలో చారిత్రకాంశ మెంతయో నిర్ణయించుట కష్టము. కాని కన్యకల గౌరవము, చీకటి, పేరు తెలియని దాత, ఈ మూడింటిని భక్తుల హృదయము శతాబ్దములపాటు భద్రముగ దాచుకొనుట సత్యము. కట్నముల బాధ నెఱిగిన మన దేశీయులకు ఈ కథ పరాయిదిగ తోచదు.

డచ్చివారు ఆ సాధువును తమ భాషలో పిలుచుకొన్న పేరే అమెరికాలో శాంటాక్లాస్ అయినది. 1823లో ట్రాయ్ పట్టణపు పత్రిక యొకటి ప్రచురించిన పద్యమువలన ఆయనకు దుప్పులబండియు బొజ్జయు లభించినవి. 1860 ప్రాంతము మొదలు థామస్ నాస్ట్ అను చిత్రకారుడు గీసిన బొమ్మలవలన ఆయన రూపము స్థిరపడినది. పిమ్మట అంగళ్లవారు ఆయనను గైకొనిరి. 1939లో అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు, క్రిస్మసు బేరములకు దినములు చాలవని వర్తకులు మొఱపెట్టగా, నవంబరులోని కృతజ్ఞతా పండుగను వారము ముందుకు జరిపెను! దేవునికి కృతజ్ఞత దెలుపు పండుగ తేదీని వ్యాపారము జరిపినది. రెండేండ్లకు చట్టముచేసి దానిని నెలలో నాలుగవ గురువారమునకు స్థిరపఱచిరి. చీకటిలో పేరు దాచుకొన్న దాత, నేడు పట్టపగలు అంగడి వాకిట నిలిచి గంట వాయించుచున్నాడు.

పండుగను నిషేధించినచో దోషము పోవునా? ఆ ప్రయత్నమును జరిగినది. అమెరికాలోని మసాచుసెట్సు వలసలో ప్యూరిటనులు 1659లో క్రిస్మసు జరుపువారికి అయిదు షిల్లింగుల జుల్మానా విధించిరి. 1681లో ఆ శాసనము రద్దయ్యెను. చలిదినములలో బిడ్డలకు తీపి తినిపింపవలెనను తల్లిని ఏ శాసనము అడ్డగింపగలదు? బిడ్డల సంతోషమును నిందించుట మా ఉద్దేశము గాదు.

ఆ పండుగ లోతును జూచిన మహనీయులలో అస్సీసి ఫ్రాన్సిసు ముఖ్యుడు. ఆయన బట్టల వర్తకుని కుమారుడు. తండ్రి యంగటిలో కూర్చుండి బేరము చేసినవాడే. వైరాగ్యము కలిగినపుడు బిషప్పు ఎదుట, తండ్రి ధనముతోపాటు ఒంటిమీది వస్త్రములనుగూడ తీసి తండ్రి కప్పగించెను. అట్టివాడు 1223వ సంవత్సరమున, అనగా తన మరణమునకు మూడేండ్లు ముందు, ఇటలీలోని గ్రెచ్చో అను కొండపల్లెలో క్రిస్మసు చేయదలచెను. జాన్ అను నచటి మిత్రునికి ముందుగ వర్తమానమంపి, తొట్టి నొకదానిని, ఎండుగడ్డిని, ఒక యెద్దును, ఒక గాడిదను సిద్ధపఱపించెను. బేత్లెహేములో ఆ బిడ్డ పడిన ఇక్కట్లను కన్నులార జూడవలెనని ఆయన కోరిక. ఊరివారు దివిటీలతో, క్రొవ్వొత్తులతో అడవిదారిని వచ్చిరి. ఆ తొట్టికడనే పూజ జరిగెను. ఫ్రాన్సిసు సువార్తను గానము చేసెను. ఈ వృత్తాంతమును వ్రాసిన చెలానో థామస్ ఆయన శిష్యసంఘములోనివాడే. నేడు క్రైస్తవుల యిండ్లలో అమర్చు పశువులపాక బొమ్మలకు ఈ రాత్రియే ప్రేరణ యందురు.

ఆ రాత్రి ఫ్రాన్సిసు ఊరివారికి పంచినదేమి? పంచుటకు ఆయన కడ నేమియు లేదు. సర్వేశ్వరుడు తన మహిమను వదలుకొని గడ్డిపఱకలమీద చలికి వణకు బిడ్డగ వచ్చెనను నొక్క దృశ్యమును వారికి జూపెను. మన పరిభాషలో చెప్పవలెనన్న, అవతార మనగా భగవంతుని త్యాగము. సర్వము గలవాడు ఏమియు లేనివాడగుటయే ఆ కానుక. ఇతరము లన్నియు దానికి నీడలు. క్రిస్మసునాడు ఎద్దులకు గాడిదలకు మేత హెచ్చుగ పెట్టవలెననియు, చక్రవర్తిని కలసికొనగలిగినచో పక్షులకొఱకు దారులలో ధాన్యము చల్లవలసినదని శాసనము చేయుమని వేడుకొందుననియు ఆయన చెప్పెడివాడట. చదువగనే తెలుగువాని మనసు తన యింటి చూరునకు పోవును. క్రిస్మసు వచ్చునది మనకు ధనుర్మాసమున. కొత్తపంట ఇంటికి వచ్చు ఆ దినములలో పిచ్చుకలకై వరికంకుల కుచ్చులు కట్టి వసారాలలో, ఆలయములలో వ్రేలాడదీయుట మన పెద్దల ఆచారము. కనుమనాడు పశువులకు పూజ. పిచ్చుక తిరిగి యేమి యిచ్చును?

పరుల పండుగలోని దోషమును ఎన్నుటకు ముందు మన పండుగలను చూచుకొనుట న్యాయము. అక్షయతృతీయ దానమునకు ప్రసిద్ధమైన దినము. ఎండలు మండు వైశాఖమున నీటికుండను దానమిచ్చినచో ఫలము అక్షయమగునని శాస్త్రము. నేడు ఆ దినమున బంగారపు దుకాణములకడ బారులు తీరుచున్నారు. ఇచ్చుటకు ఏర్పడిన దినము కొనుటకు ఏర్పడినదిగ మారినది. మైరా సాధువునకు పట్టిన గతియే మన తృతీయకును పట్టినది.

మన నేలమీదనే క్రిస్మసుతో ముడిపడిన యొక కట్టడము కలదు. మెదకులోని పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. కఱవు దినములలో పోస్నెట్టు అను వెస్లియను పాదిరి, ఆకలిగొన్నవారికి ఊరక అన్నము పెట్టుటకు మాఱుగా పని కల్పించి కూలిగ అన్నము పెట్టు తలంపుతో దానిని కట్టించెను. ఇచట కొంద ఱొక ప్రశ్న వేయుదురు: పని తీసికొని పెట్టినది దానమెట్లగును? పుచ్చుకొనువాని చేయి క్రిందుగాకుండ జూచుట దానములోని సూక్ష్మాంశము. మన స్త్రీలు వాయన మిచ్చునపుడు పుచ్చుకొను ముత్తైదువను సాక్షాత్తు గౌరిగ భావింతురు. ఆకలిగొన్నవానికి పెట్టినది తనకే పెట్టినట్లని ఏసు చెప్పిన మాటయు, దరిద్రుని నారాయణుడని వివేకానందస్వామి పిలిచిన పిలుపును ఈ భావమునకే చెందినవి.

హిందూ సన్న్యాసుల మఠములలో క్రీస్తుజయంతి యేల జరుగునని కొంద ఱాశ్చర్యపడుదురు. దానికి కారణము 1886 నాటి ఒక రాత్రి. ఆ సంవత్సరము ఆగస్టు 16న శ్రీరామకృష్ణులు మహాసమాధి నొందిరి. యువశిష్యులు వరాహనగరములో నొక పాడుపడిన యింట చేరిరి. దొండాకు ఉడికించి ఉప్పుతో అన్నము తిన్న దినములు వారికి కలవు. అదియు లేని దినములును కలవు. డిసెంబరులో వారిలో కొందఱు, హుగ్లీ జిల్లా ఆంట్పూరు గ్రామములో బాబూరాము (తరువాత ప్రేమానందస్వామి) ఇంటికి పోయిరి. ఒక రాత్రి ధుని వెలిగించి చుట్టు కూర్చుండి చాలసేపు ధ్యానము చేసిరి. పిదప నరేంద్రుడు ఏసు జీవితమును, తల వాల్చుటకు చోటులేని ఆయన వైరాగ్యమును వర్ణించుచు, మనమును అట్లే లోకహితమునకై జీవితము సమర్పింపవలెనని ఉద్బోధించెను. సోదరులు అగ్నిసాక్షిగ సంసారత్యాగము చేయుదుమని ప్రతిన పూనిరి. అది క్రిస్మసుకు ముందటి రాత్రి యని వారికి తరువాత తెలిసెను. వారి కడ ఇచ్చుటకు మఱేమియు లేదు. ఉన్న దానిని, అనగా తమ్ముదాము, ఇచ్చిరి.

నాటినుండి డిసెంబరు 24 సాయంకాలము రామకృష్ణమఠములలో మరియమ్మ ఒడిలోని బాలుని పటమునకు పూలు, దీపములు, పండ్లు, తీపి రొట్టెలు నివేదించి, సువార్తనుండి జన్మకథ చదివి, పాటలు పాడి, ప్రసాదము పంచుట ఆచారమైనది. గృహస్థులు తమ యింటను ఇట్లు చేయవచ్చును. పటము లేకున్నను కొఱతలేదు. లూకా రెండవ అధ్యాయము తెలుగున సుబోధముగ నున్నది; పిల్లలచేత చదివింపుడు. చదివిన పిదప ఒక ప్రశ్న వేయుడు: ఈ ఊరిలో ఈ రాత్రి మేలుకొని యుండు కాపరు లెవరు? పిల్లలే చెప్పుదురు. రైలుగేటు కాపలాదారు, ఆసుపత్రిలో తుడుచు ఆయమ్మ, కట్టుచున్న మేడ యిసుకదిబ్బకడ గోనెసంచి కప్పుకొని కూర్చుండు ముసలివాడు. వారిలో నొకరికి ఒక కంబళిని, మాపటి ఫలహారమును, కనబడునట్లు పెట్టి రావలయును. ఎవ రిచ్చిరని వా రడిగినపుడు చెప్పువా రెవరును లేకుండ జూచుకొనుటయే ఇందులోని కష్టము. ఆ కష్టమును పిల్లలు పెద్దలకంటె తేలికగ సాధింతురు.